బరంపురంలో డిగ్రీ చేసి వాతావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ చేయాలంటే ఏం కావాలి?

పర్లాకిమిడి నుంచి అడిగిన ప్రశ్న ఇది: బరంపురంలో ప్లస్ త్రీ (డిగ్రీ) ఫిజిక్స్ ఆనర్స్ రెండో ఏడాది చదువుతున్నాను, వాతావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీకి ఏం అర్హత ఉండాలి, జాగ్రఫీ చదివి ఉండాలా?

నాది మీ పక్కనే, గంజాం జిల్లా. బరంపురంలో డిగ్రీ అయ్యాక విశాఖలో మీటియరాలజీ (వాతావరణ శాస్త్రం) ఎమ్మెస్సీ చేశాను. జాగ్రఫీ అక్కర్లేదండీ. చూసేది ఫిజిక్స్, మ్యాథ్స్ మాత్రమే. ఫిజిక్స్ మీకు ఎలాగూ ఉంది. రెండో సబ్జెక్టుగా మ్యాథ్స్ ఉందా, కెమిస్ట్రీ ఉందా అన్నదే అసలు ప్రశ్న. మ్యాథ్స్ పేరు మార్కుల లిస్టులో లేకపోతే చాలా చోట్ల అప్లికేషన్ దగ్గరే ఆపేస్తారు. మీరింకా రెండో ఏడాదే కాబట్టి, మ్యాథ్స్ పేపర్లు తీసుకునే వీలుంటే ఇప్పుడే తీసుకోండి.

ఇది రూల్ కోసం చెప్పే మాట కాదు. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి గురించి మనవైపు ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. అదే తుఫాను క్లాసులో సమీకరణాలుగా వస్తుంది. మన అర్ధగోళంలో గాలి అపసవ్య దిశలోనే ఎందుకు సుడి తిరుగుతుంది? భూమధ్యరేఖకి ఐదు డిగ్రీల లోపల తుఫాన్లు దాదాపు ఎందుకు పుట్టవు? భూమి తిరగడం వల్ల గాలి పక్కకి మళ్లే ప్రభావం అక్షాంశం సైన్ విలువని బట్టి ఉంటుంది, భూమధ్యరేఖ దగ్గర అది సున్నా అవుతుంది. ఇదంతా చేతికి రావాలంటే వెక్టర్లు, పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, థర్మోడైనమిక్స్ గట్టిగా వచ్చి ఉండాలి. వాతావరణం మీద ఇష్టంతో చేరి, మొదటి సెమిస్టర్‌లో డైనమిక్స్ (గాలి కదలికల లెక్కలు) పేపర్ దగ్గర కుంగిపోయిన వాళ్లని చూశాను. వాళ్లు తెలివి తక్కువ వాళ్లు కాదు, డిగ్రీలో ఆ పునాది పడలేదు, అంతే.

సీటు విషయానికొస్తే, మనకి దగ్గర ఆంధ్రా యూనివర్సిటీ. అక్కడ మీటియరాలజీ, ఓషనోగ్రఫీ డిపార్ట్‌మెంట్ ఎప్పటినుంచో ఉంది. ప్రవేశం ఏపీ పీజీసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా. ఇక్కడొక చిక్కుంది. ఇంట్లో తెలుగే మాట్లాడినా కాగితాల మీద మనం ఒడిశా వాళ్లం. 85 శాతం సీట్లు స్థానికులకే పోతాయి, ఒడిశాలో ఇచ్చిన కుల ధ్రువపత్రం అక్కడి రిజర్వేషన్‌కి చెల్లదు. ఫీజు కట్టే ముందు స్థానికేతరుల నిబంధన చదవండి. డిగ్రీ అవగానే సీఎల్‌సీ (కాలేజీ వదిలినట్టు ఇచ్చే సర్టిఫికెట్), మైగ్రేషన్ సర్టిఫికెట్ తీసి పెట్టుకోండి. అడ్మిషన్ వారంలో వాటి కోసం పరిగెత్తడం పెద్ద టెన్షన్. కొచ్చిలో కుసాట్ (కొచ్చిన్ సైన్స్ అండ్ టెక్నాలజీ యూనివర్సిటీ), పుణె యూనివర్సిటీ కూడా మంచివే.

ఎంటెక్ ఆలోచన ఉంటే గేట్ రాయాలి. అందులో ఎక్స్‌ఈ (ఇంజనీరింగ్ సైన్సెస్) పేపర్‌లో అట్మాస్ఫియరిక్ అండ్ ఓషనిక్ సైన్సెస్ అనే సెక్షన్ ఉంది, మ్యాథ్స్ సెక్షన్ మాత్రం అందరికీ తప్పనిసరి. ఐఐటీ భువనేశ్వర్‌లో క్లైమేట్ సైన్స్ ఎంటెక్ ఉంది. ఇంటికి దగ్గర కాబట్టి ముందు దాన్ని చూడమంటాను.

చేరాక పట్టా రావాలంటే నాలుగు సెమిస్టర్ల పేపర్లు, ప్రాక్టికల్స్, చివర్లో ప్రాజెక్టు, వైవా. ప్రాక్టికల్స్‌లో వాతావరణ పటాల మీద రెండేసి హెక్టోపాస్కల్ (గాలి పీడనం కొలత) తేడాతో సమభార రేఖలు, అంటే పీడనం ఒకేలా ఉన్న చోట్లని కలిపే గీతలు గీయిస్తారు, బెలూన్ డేటాని టెఫిగ్రామ్ (పైకి వెళ్లేకొద్దీ ఉష్ణోగ్రత, తేమ ఎలా మారాయో చూపే పటం) మీద వేయిస్తారు. నాకు బాగా నచ్చిన భాగం ఇదే. చేత్తో గీస్తేనే అల్పపీడనం ఎక్కడ బలపడుతోందో కంటికి ఆనుతుంది. ప్రాజెక్టుకి లైనక్స్, పైథాన్ రావాలి, పాత మోడళ్ల కోడ్ చదవడానికి కొంచెం ఫోర్ట్రాన్ కూడా. వాతావరణాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే డబ్ల్యూఆర్ఎఫ్ మోడల్, గడిచిన ఏళ్ల వాతావరణ వివరాలుండే ఈఆర్ఏ5 డేటా రెండూ ఉచితమే. మీది గజపతి జిల్లా కదా, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక మీ కొండల్లో కురిసిన వాన, విరిగిపడ్డ కొండచరియలు మంచి ప్రాజెక్టు అవుతాయి. ఆ ఊళ్లు తెలిసిన వాళ్లు ఆ పని చేయాలని నాకు చాలా ఆశ.

విదేశాల్లో అయితే అమెరికాలో మామూలుగా 30 క్రెడిట్ల దాకా ఉంటుంది, థీసిస్ రాసి సమర్థించుకోవాలి. అక్కడా ముందు అడిగేది కాలిక్యులస్, ఫిజిక్సే.

ఉద్యోగం గురించి ఇంట్లో అడిగితే ఇది చెప్పండి: వాతావరణ శాఖలో సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులకి ఫిజిక్స్‌తో ఫస్ట్ క్లాస్ డిగ్రీ చాలు. 2022లో ఎస్‌ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) 990 పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చింది. ఎమ్మెస్సీ చదువుతూనే అలాంటి పరీక్షలకి సిద్ధం కావచ్చు. పరిశోధన వైపు వెళ్లాలంటే మాత్రం మామూలుగా ఎమ్మెస్సీ కావాలి.

మీ రెండో సబ్జెక్టు ఏమిటో, ఇప్పటిదాకా ఏ మ్యాథ్స్ పేపర్లు అయ్యాయో రాయండి. దాన్ని బట్టి ఎక్కడెక్కడ అప్లై చేయొచ్చో చెబుతాను.