తెలివైనవాడు – తెలిసినవాడు

సందేహం: ఒక వ్యాసంలో ‘ఆయన చాలా తెలివైన చరిత్రకారుడు’ అని రాశాను. ఎన్నో శాసనాలు చదివి, ఎంతో సమాచారం సేకరించిన వ్యక్తి అని నా ఉద్దేశం. వ్యాసం దిద్దినవారు ‘తెలివైన’ కొట్టివేసి ‘విషయజ్ఞుడైన’ అని మార్చారు. తెలివి అన్న మాట ‘తెలియు’ నుంచే వచ్చింది కదా! తెలిసినవాడు తెలివైనవాడు కాడా?

సమాధానం: వ్యుత్పత్తి మీరు చెప్పినదే. ‘తనియు’ నుంచి ‘తనివి’ ఏర్పడినట్లే ‘తెలియు’ నుంచి ‘తెలివి’ ఏర్పడింది. పాత కావ్యభాషలో ఈ మాటకు వెలుగు, నిర్మలత్వం అనే అర్థాలు కూడా ఉన్నాయి. అయితే నేటి వాడుకలో తెలివి అంటే గ్రహించే శక్తే గాని, గ్రహించి కూడబెట్టుకున్న విషయం కాదు. స్పృహ కోల్పోయినవాణ్ణి ‘తెలివి తప్పాడు’ అంటాము. అతడు నేర్చుకున్న చదువు ఎక్కడికీ పోలేదు, ఆ క్షణాన గ్రహించే శక్తి మాత్రమే లేదు.

వ్యాకరణం కూడా ఈ తేడాను పట్టి ఇస్తుంది. ‘తెలిసిన’ అన్నది భూతకాలిక విశేషణం కాబట్టి తెలుసుకోవడం అప్పటికే జరిగి ఉండాలి, తెలిసినది ఏమిటో కూడా చెప్పాలి. అందుకే ‘చరిత్ర తెలిసినవాడు’ అనగలము గాని ‘చరిత్ర తెలివైనవాడు’ అనలేము. తెలివికి అలాంటి కర్మ అక్కరలేదు. ఏమీ చదవని పసివాడు కూడా తెలివైనవాడు కావచ్చు.

వ్యతిరేకార్థంలో ఈ భేదం మరింత స్పష్టంగా వినిపిస్తుంది. ‘తెలియక చేశాను’ అన్నవాడు క్షమాపణ కోరుతున్నాడు, ‘తెలివిలేక చేశాను’ అన్నవాడు తనను తానే నిందించుకుంటున్నాడు. అతితెలివి, దొంగతెలివి వంటి సమాసాలు ఉన్నాయంటే, శక్తి ఎటైనా మళ్లగలదన్న ఎరుక మన భాషకు ఉందన్నమాట.

భర్తృహరి సుభాషితాన్ని తెలిగిస్తూ ఏనుగు లక్ష్మణకవి మూలంలోని ‘విశేషజ్ఞుడు’ అన్న చోట ‘తెలిసినవాడు’ అన్నాడు. అరకొర జ్ఞానంతో మిడిసిపడేవాణ్ణి ‘తెలిసియుఁ దెలియని నరుఁడు’ అన్నాడు. ఇంత సూక్ష్మమైన విభజన ఒక్క ‘తెలియు’ ధాతువుతోనే సాధ్యమైంది. తెలుగు క్రియలకున్న ఈ శక్తిని మనం తగినంతగా వాడుకోవడం లేదని నా బాధ.

ఇక ‘మేధావి’ సంగతి. నేడు దీన్ని గొప్ప తెలివిగలవాడు, ఆలోచనాపరుడు అన్న అర్థాల్లో వాడుతున్నాము. సంస్కృత నిఘంటువైన అమరకోశం మాత్రం ‘ధీర్ధారణావతీ మేధా’ అంటుంది. అంటే విన్నదాన్ని నిలుపుకోగల బుద్ధే మేధ. అందువల్ల ఈ మాటలో శక్తీ, దాని వల్ల నిలిచిన విషయమూ రెండూ కొంత కలిసే ఉన్నాయి. మీ చరిత్రకారుడికి ఇది ‘తెలివైన’ కంటే దగ్గరి మాటే.

మీ వాక్యంలో తప్పు లేదు. కాని చదివినవారికి అది ఆయన గ్రహణశక్తిని గురించి చెబుతుంది, మీరు చెప్పదలచినది ఆయన పరిశ్రమను గురించి. దిద్దుబాటు ఉద్దేశం సరైనదే. నేనైతే ‘విషయజ్ఞుడైన’ అనడానికి బదులు ‘శాసనాలు క్షుణ్ణంగా తెలిసిన చరిత్రకారుడు’ అని రాస్తాను. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం: ఏమి తెలుసో చెప్పకుండా ‘ఆయన నాకు తెలిసిన చరిత్రకారుడు’ అంటే మీకు పరిచయస్థుడన్న అర్థం వస్తుంది.