జన్మపాపం ‘చేయడం’ సరైన ప్రయోగమేనా?

సందేహం: “శిశువు చేసిన జన్మపాపం జ్ఞానస్నానంతో తొలగిపోతుంది” అని క్రైస్తవ విశ్వాసం మీద ఒక వ్యాసంలో చదివాను (జ్ఞానస్నానం అంటే బాప్తిస్మం). అందులోనే మరోచోట ‘ఆదిపాపం’ అని, ఇంకోచోట ‘వారసత్వపాపం’ అని ఉంది. మూడూ ఒకటేనా? అప్పుడే పుట్టిన బిడ్డ పాపం ‘చేసింది’ అనవచ్చా?

సమాధానం: అనకూడదు. ఆ వాక్యంలో వ్యాకరణ దోషం లేదు గాని, ఏ విశ్వాసాన్ని చెప్పాలనుకున్నారో దాన్నే అది తప్పుగా చెబుతోంది. జన్మపాపం మనిషికి సంక్రమించేదే తప్ప అతను చేసేది కాదని, అది ఒక పని కాక ఒక స్థితి అని కాథలిక్ సత్యోపదేశం (ఆ సంఘపు అధికారిక బోధనా గ్రంథం) స్పష్టంగా చెబుతుంది. ప్రసంగాల్లో ‘జన్మపాపం, కర్మపాపం’ అని విడదీసి చెప్పడం మీరు వినే ఉంటారు. మనిషి తన చేతలతో మూటగట్టుకున్నది కర్మపాపం. ‘చేయు’ అన్న క్రియ దానికే నప్పుతుంది. జన్మపాపానికి సంక్రమించు, అంటు వంటి క్రియలే వాడాలి.

ఆదాము అవ్వలు దేవుని ఆజ్ఞ మీరిన ఆ మొదటి పని ఆదిపాపం. దానివల్ల వారి సంతతికి వచ్చిన స్థితి జన్మపాపం. లాటిన్‌లో రెండింటికీ ‘పెక్కాటుమ్ ఒరిగినాలే’ అన్న ఒకే పేరు ఉండటంతో వేదాంతులు విశేషణాలు చేర్చి వేరుచేయాల్సి వచ్చింది. మనకు రెండు మాటలున్నాయి, వాటిని కలిపేయకండి. ఆదాము ‘ఆదిపాపం చేశాడు’ అనడం మాత్రం నూటికి నూరుపాళ్లు సరైనదే.

‘వారసత్వపాపం’తో జాగ్రత్తగా ఉండాలి. తండ్రి అప్పు కొడుకు మీద పడ్డట్టు, ఆదాము దోషమే మనకూ వచ్చిందన్న అర్థం అందులో ధ్వనిస్తుంది. అసలు వాదమంతా అక్కడే! క్రైస్తవ వేదాంతి అగస్టీన్ (354–430) చదివిన లాటిన్ పాఠంలో బైబిల్లోని రోమా పత్రిక 5:12 ‘అతనిలో (ఆదాములో) అందరూ పాపం చేశారు’ అనే అర్థమిచ్చింది. గ్రీకు మూలానికి ‘అందరూ పాపం చేసినందువల్ల’ అన్న అర్థమే సరైనదని నేడు చాలామంది పండితుల అభిప్రాయం. తెలుగు బైబిల్లోనూ ‘పాపము చేసినందున’ అనే ఉంది. ఆదాము దోషం అందరికీ వచ్చిందన్న అగస్టీన్ సిద్ధాంతం ఈ ఒక్క వచనం మీదే నిలబడిందని కాదు గాని, ‘లో’, ‘అందున’ల మధ్య తేడా ఇంత దూరం పోయిందని గమనించండి. ఆదాము చెడ్డ మాదిరి చూపాడే తప్ప మానవ స్వభావం చెడలేదన్న పెలాజియస్ అనుచరుల (పెలాజియన్) వాదాన్ని 418లో కార్తేజ్‌లో జరిగిన బిషప్పుల సభ ఖండించింది. ప్రొటెస్టంట్లలో ఒక శాఖ అయిన లూథరన్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన జన్మపాపం నిజంగానే పాపమని, శిక్షార్హమని అంటుంది. తూర్పు క్రైస్తవ శాఖ అయిన ఆర్థడాక్స్ వారు మాత్రం ఆదాము నుంచి మనకు మరణం, బలహీనత వచ్చాయి గాని అతని అపరాధం రాలేదంటారు. వారి మాటను ‘పూర్వికుల పాపం’ అని రాయడమే న్యాయం.

ఇంకో చిక్కు. ‘జన్మపాపం’ వినగానే పూర్వజన్మలో చేసిన పాపమని కొందరికి తోస్తుంది. క్రైస్తవంలో పూర్వజన్మ లేదు. ‘జన్మే పాపం’ అని విడదీయడమూ తప్పే. జన్మ వలన వచ్చిన పాపం, పంచమీ తత్పురుష. వ్యాసంలో మొదటిసారి వాడినప్పుడే ఈ అర్థం చెప్పేస్తే మంచిది.

మీరు చదివిన వాక్యాన్ని ఇలా రాయాల్సింది: “శిశువుకు సంక్రమించిన జన్మపాపం జ్ఞానస్నానంతో తొలగిపోతుందని కాథలిక్కుల విశ్వాసం.” ఆ చివరి రెండు మాటలు కూడా అవసరమే, ఎందుకంటే ప్రొటెస్టంట్లలో మరో శాఖ అయిన బాప్టిస్టులు శిశువులకు బాప్తిస్మమే ఇవ్వరు.