‘ఆత్మీయ సాధికారత’ అనవచ్చా?

సందేహం: మా క్రైస్తవ సంఘ మాసపత్రికకు వచ్చిన వ్యాసంలో ‘‘విశ్వాసి ఆత్మీయ సాధికారతను సాధించి, అభిషేకాన్ని పొందుకొని, దేవుణ్ని కనిపెట్టాలి’’ అనే వాక్యం ఉంది. ఆత్మీయులంటే దగ్గరివాళ్లు కదా, ‘ఆధ్యాత్మిక’ అని మార్చమని ఒక పెద్దాయన సూచించారు. మిగతా వాక్యంలో తప్పేమీ లేదన్నారు. మీరేమంటారు?

సమాధానం: ‘ఆత్మీయ’ను ఉంచుకోండి. చిక్కంతా మిగతా వాక్యంలోనే ఉంది.

ఆత్మీయమంటే సంస్కృతంలో ‘తనది’ అని అర్థం. ‘స్వ’ శబ్దానికున్న అర్థాల్లో దీన్ని అమరకోశం చెప్పింది. ‘ఆత్మీయ సమ్మేళనం’, ‘ఆత్మీయ ఆహ్వానం’ ఆ దారిలో వచ్చినవే. కాబట్టి పెద్దాయన అభ్యంతరానికి ఆధారం లేకపోలేదు. అయితే క్రైస్తవుల వాడుకలో ఈ మాటకు ‘ఆత్మకు సంబంధించిన’ అన్న అర్థం స్థిరపడిపోయింది. ‘ఆత్మీయ ఎదుగుదల’ అంటే సంఘంలో పొరబడేవారెవరూ ఉండరు. ‘ఆధ్యాత్మిక’ అంటే పురాణ ప్రవచనం మొదలు ధ్యాన శిబిరం దాకా అన్నీ అందులోకి వస్తాయి. మీ రచయిత చెప్పదలచిన పరిశుద్ధాత్మ ఆ గుంపులో కనబడడు. బయటివారు కూడా చదివే వ్యాసమైతే బైబిలు పాత తర్జుమాలో వాడిన మాటే ఉంది: ‘ఆత్మసంబంధమైన’. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 3:1లో ‘ఆత్మసంబంధులు’, ‘శరీర సంబంధులు’ ఎదురెదురుగా నిలుస్తారు. మొదటిదాన్ని ‘ఆధ్యాత్మికులు’ అని మార్చి చదివి చూడండి, ఆ జత విడిపోతుంది.

అసలు దిద్దవలసింది ‘సాధికారత’ను. మహిళా సాధికారత వంటి ప్రభుత్వ పథకాల భాషలో అది చక్కగా ఒదిగింది. కానీ దాని కడుపులో ఉన్నది ‘అధికారం’. గ్రీకు కొత్త నిబంధనలో దూనమిస్ వేరు, ఎక్సూసియా వేరు. తెలుగు తర్జుమా మొదటిదాన్ని శక్తి అనీ రెండోదాన్ని అధికారమనీ చాలాచోట్ల జాగ్రత్తగా విడదీసింది. లూకా 9:1లో యేసు పండ్రెండుమంది శిష్యులకు ‘శక్తిని అధికారమును’ రెండూ ఇస్తాడు. యోహాను 1:12లో దేవుని పిల్లలు కావడానికి ఇచ్చింది ‘అధికారము’. అపొస్తలుల కార్యములు 1:8లో పరిశుద్ధాత్మ వచ్చినప్పుడు ‘శక్తినొందెదరు’ అని ఉంది. మీ వ్యాసం మాట్లాడుతున్నది సాక్షిగా నిలబడే బలం గురించి అయితే అక్కడ ‘శక్తి’ అనే రాయాలి. ‘సాధికారత’ అని రాస్తే 1:8 గురించి చెబుతూ యోహాను 1:12 మాట వాడినట్టవుతుంది.

దాని పక్కనున్న క్రియ మరీ ఇబ్బంది. సాధించడమంటే సొంత పూనికతో దక్కించుకోవడం. పరీక్షలో ర్యాంకు సాధిస్తాం. ఆత్మ శక్తి దేవుడు ఇచ్చేదని చెప్పే వ్యాసంలో ఆ క్రియ వాడితే వ్యాసం తన సిద్ధాంతానికే ఎదురు తిరుగుతుంది. ‘పొందు’ చాలు. ‘పొందుకొను’ ప్రార్థన కూటాల్లో బాగా వినిపిస్తుంది కాబట్టి సాక్ష్యం చెప్పేవారి నోటి మాటగా ఉంటే ఉండనివ్వండి. వ్యాసంలో మాత్రం ‘కొను’ అదనపు బరువే; తనకు దక్కడమన్న అర్థం ‘పొందు’లోనే ఉంది. యోహాను మొదటి పత్రిక 2:20లోనూ ‘అభిషేకము పొందినవారు’ అనే ఉంది.

ఇక ‘దేవుణ్ని కనిపెట్టాలి’. ఇది నవ్వు తెప్పించే పొరపాటు. బయట కనిపెట్టడమంటే ఆచూకీ తీయడం, లేదా కొత్త యంత్రం తయారుచేయడం. సంఘంలో అదే మాటకు ఆశతో ఎదురుచూడడమని అర్థం. రెంటినీ వేరుచేసేది విభక్తి. కీర్తన 27:14 ‘యెహోవా కొరకు కనిపెట్టుకొని యుండుము’ అంటుంది. ‘కొరకు’ పోయి ద్వితీయా విభక్తి ‘ని’ వచ్చిందంటే దేవుడు తప్పిపోయాడనీ, విశ్వాసి వెతికి పట్టాలనీ అర్థం వస్తుంది!

వాక్యాన్ని ఇలా మార్చండి: ‘‘విశ్వాసి దేవుని కొరకు కనిపెట్టుకొని ఉండాలి, అభిషేకం పొందాలి, ఆత్మ శక్తితో ఎదగాలి.’’ కనిపెట్టడాన్ని ముందుకు తెచ్చాను. లూకా 24:49లో ‘పైనుండి శక్తి పొందువరకు’ పట్టణంలో నిలిచి ఉండమన్నారు కదా, వరుస అదే.

ఈ వ్యాసంలోనే ఎక్కడైనా ‘ఆత్మతో నింపబడండి’ అని ఉంటే అదీ చూసుకోండి. ఎవరో నింపవలసిన పనిని నిండేవాడికి ఆజ్ఞగా ఇస్తే తెలుగులో పొసగదు. ఎఫెసీ 5:18లో గ్రీకు క్రియ వర్తమాన విధ్యర్థకం, అంటే ఒక్కసారితో అయిపోకుండా సాగుతూ ఉండే స్థితి. పాత తర్జుమా దాన్ని ‘ఆత్మ పూర్ణులైయుండుడి’ అని పట్టుకుంది. నేటి భాషలో ‘ఆత్మతో నిండి ఉండండి’ అనాలి. ‘నిండండి’ అని కుదిస్తే ఆ ‘ఉండు’తోపాటు సగం అర్థం పోతుంది. అపొస్తలుల కార్యములు 2:4లో నిండినవారే 4:31లో ప్రార్థించి మళ్లీ ‘నిండినవారై’ బోధించారు.