బీమ్ మాట ఎవరు చెప్పారు?

చిరంజీవి శ్రీనుకు మామయ్య దీవెనలు.

పంప్‌హౌస్‌లో 800 కిలోల మోటారు ఎత్తడానికి పైకప్పు ఉక్కు దూలం, అదే బీమ్‌కి, దాన్ని దవడలతో పట్టుకునే క్లాంప్ వేసి, గొలుసు లాగి బరువెత్తే చైన్ బ్లాక్ తగిలిస్తామని రాశావు. "క్లాంప్ 2 టన్నులది, ఇక భయమేముంది" అన్నావు చూడు, అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది. ఆ 2 టన్నులు క్లాంప్ మాట. బీమ్ మాట ఎవరు చెప్పారు?

షెడ్ కట్టినవాళ్లు ఆ బీమ్‌ని పైకప్పు కోసం లెక్కగట్టి ఉంటారు, నీ మోటారు కోసం కాదు. ఇంకెంత మోయగలదో మీ ఇంజినీరు డ్రాయింగ్ చూసి కాగితం మీద రాసివ్వాలి. ఎక్కడ తగిలిస్తారో కూడా చెప్పి అడుగు, స్తంభం దగ్గరకన్నా నడిమధ్యలో పడిన బరువుకి బీమ్ ఎక్కువ వంగుతుంది. రేకుల కింద వాటిని మోసే సన్నపాటి పర్లిన్ల జోలికి మాత్రం పోకు.

లెక్క 800తో ఆగదు. చైన్ బ్లాక్, మోటారుకి చుట్టే స్లింగులు, గొలుసు లాగే మనిషి బలం, అన్నీ బీమ్ మీదే. మన నూతి గిలక గుర్తుందా? 20 కిలోల చేద పైకి రావాలంటే నువ్వు కిందికి ఇంకో 20 కిలోలు లాగాలి, గిలక కట్టిన దూలం మోసేది 40. ఎవరైనా ఉత్త గిలక వేసి తాడుతో లాగేద్దామంటే ఈ లెక్క చెప్పు.

మీవి ఐఎస్‌ఎంబీ 300 రకం "I" ఆకారపు బీమ్‌లయితే ఫ్లాంజ్, అంటే క్లాంప్ పట్టే అడుగు పట్టీ, వెడల్పు 140 మిల్లీమీటర్లు. అది క్లాంప్ ప్లేటు మీదున్న కొలతల్లో ఉండాలి. ఆ ఫ్లాంజ్ లోపలివైపు వాలుగా ఉంటుంది కాబట్టి దవడలు రెండు పక్కలా పూర్తిగా కూర్చున్నాయో లేదో నిచ్చెనెక్కి నువ్వే చూడు. గ్రీజు తుడిచెయ్. హుక్ సరిగ్గా బీమ్ వెడల్పుకి నడుమ కిందికి రావాలి. స్క్రూ చేత్తో గట్టిగా బిగించు, పైపు తొడిగి తిప్పకు.

ఇక పక్కకి లాగడం. ఒక ఫ్యాక్టరీలో గేర్‌బాక్సు గోడవార ఉంది, క్లాంప్ రెండు మీటర్లు ఇవతల. "కాస్త ఏటవాలుగా లాగితే వచ్చేస్తుంది" అన్నది ఎవరో కాదు, నేనే. గేర్‌బాక్సు నేల వదలగానే క్లాంప్ ఫ్లాంజ్ వెంట జారింది, గేర్‌బాక్సు ఊగి వచ్చి రెయిలింగ్‌ని వంచేసింది. అక్కడ నిలబడే ఖలాసీ టీకి వెళ్లాడు కాబట్టి బతికాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. క్లాంప్‌ని బరువుకి నిట్టనిలువుగా పైన పెట్టుకో, అక్కడ బీమ్ లేకపోతే వేరే దారి వెతుకు.

ముందు జానెడు ఎత్తి ఆపు. క్లాంప్ కదిలిందా, బీమ్ వంగుతోందా చూడు. కింద ఎవర్నీ నిలబడనివ్వకు, సూపర్‌వైజర్‌ని కూడా.

కేబుల్ ట్రేలు వేలాడే చిన్న సీ-క్లాంపులు వేరే జాతి, వాటితో ఏదీ ఎత్తకు. మా రోజుల్లో 1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ కింద ఎత్తే సామానుకి ఏడాదికోసారైనా తనిఖీ ఉండేది, క్లాంపులతో సహా. మీ క్లాంప్‌కి ఆ సర్టిఫికెట్ ఉందా?

ప్లేటు మీద అంకెలు కనిపించేలా ఫొటో తీసి పంపు. శనివారం ఇంట్లోనే ఉంటాను.

మీ మామయ్య