క్యాన్సర్ తగ్గినా అమ్మకు నిద్ర లేదు, ఆక్యుపంక్చర్ చేయించొచ్చా?

చెల్లీ, మీ అమ్మగారికి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్, కీమో, కరెంటు (రేడియేషన్) అన్నీ అయిపోయి ఏడాదైందన్నారు. రాత్రి ఎనిమిదికే పడుకోబెడుతున్నా రెండింటికి లేచి తెల్లారేదాకా కూర్చుంటున్నారని, మహబూబ్‌నగర్‌లో తెలిసినవాళ్ళు ఆక్యుపంక్చర్, అంటే సన్నటి సూదులు గుచ్చే వైద్యం, చేయించమంటున్నారని రాశారు. నేను నల్లగొండలో ఉంటా. నాకు వచ్చిందీ అదే జబ్బు, తర్వాత పోయిందీ ఆ నిద్రే. ఆక్యుపంక్చర్ చేయించుకున్నా, పడక అలవాట్లూ మార్చుకున్నా. చేయించొచ్చు. కానీ పైసలు పెట్టేముందు అమ్మగారిని రాత్రి ఏది లేపుతున్నదో తెలుసుకోండి.

నన్ను లేపింది నొప్పులు. మబ్బుల లేచి బిందె పట్టుకోబోతే పిడికిలి బిగిసేది కాదు, మడమలు నేల మీద ఆనేవి కావు. మాది మర్రిగూడ దిక్కు ఊరు. అక్కడ కీళ్ళు పట్టేశాయంటే ఎవరైనా ఫ్లోరైడ్ నీళ్ళనే అంటారు, మా ఇంట్లోనూ అదే అన్నారు. క్యాన్సర్ డాక్టరమ్మ చెప్పాక తెలిసింది, అది క్యాన్సర్ మళ్ళీ రాకుండా రోజూ వేసుకునే లెట్రోజోల్ గోలీ పని అని. ఆ గోలీ ఒంట్లో ఈస్ట్రోజెన్‌ను బాగా తగ్గించేస్తుంది, దాంతో చాలామందికి కీళ్ళు బిగుస్తాయి. అందుకే ఇచ్చే ఇంకో గోలీ టామాక్సిఫెన్ వాడేవాళ్ళలో కొందరికి నొప్పుల కంటే ఒంట్లో ఆవిర్లు ఎక్కువ, జాకెట్ తడిసి మెలకువ వస్తుంది. ఇవేవీ లేకుండా మళ్ళీ వస్తుందేమోనన్న బుగులుతో మేలుకునేవాళ్ళూ ఉన్నారు. ముగ్గురి మందూ ఒకటి కాదు.

అమెరికాలో క్యాన్సర్ నుంచి బయటపడి నిద్రలేక బాధపడుతున్న 160 మందిని రెండు జట్లు చేసి చూశారు, ఫలితాలు 2019లో వచ్చాయి. ఒక జట్టుకు ఎనిమిది వారాల్లో పది సార్లు ఆక్యుపంక్చర్, ఇంకో జట్టుకు సీబీటీ-ఐ, అంటే పడక అలవాట్లనూ నిద్ర గురించిన ఆలోచననూ మార్చే కౌన్సెలింగ్. నిద్రలేమిని 28 మార్కులకు కొలిస్తే కౌన్సెలింగ్ జట్టుకు సగటున 10.9 తగ్గింది, ఆక్యుపంక్చర్ జట్టుకు 8.3. రెండూ పనిచేశాయి, కౌన్సెలింగ్ కొంచెం ముందుంది. సమస్య తక్కువగా ఉన్నవాళ్ళలో మాత్రం తేడా చాలా పెద్దది: కౌన్సెలింగ్‌తో 85 శాతం మందికి మంచి గుణం కనిపిస్తే ఆక్యుపంక్చర్‌తో 18 శాతం మందికే. అయితే చికిత్స ముగిసేనాటికి నొప్పులు తగ్గించడంలో ఆక్యుపంక్చర్‌దే పైచేయి. లెట్రోజోల్ లాంటి గోలీలతో వచ్చే కీళ్ళ నొప్పులకు దీన్ని వాడొచ్చని 2022లో అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం కూడా చెప్పింది.

నాకు జరిగిందీ దాదాపు అదే. నేను వెళ్ళింది హైదరాబాద్‌లో ప్రకృతి వైద్యం డిగ్రీ చదివిన డాక్టరమ్మ దగ్గరికి. సీల్ చేసిన ప్యాకెట్ నా కళ్ళ ముందే చింపేది. వెంట్రుకంత సన్నటి సూది, మణికట్టు మడత మీద చిటికెన వేలి వైపు ఒకటి, కనుబొమ్మల మధ్య ఒకటి, లోపలి చీలమండకు నాలుగు వేళ్ళ పైన ఒకటి. గుచ్చినప్పుడు చీమ కుట్టినంత, ఆ తర్వాత చోటంతా బరువెక్కి మెల్లగా లాగినట్టు ఉంటుంది. అరగంట అట్లనే పడుకోవాలి. కొన్ని వారాలకు వేళ్ళు వంగాయి, నొప్పికి లేవడం తగ్గింది. కానీ లేవడం అలవాటైన ఒళ్ళు నొప్పి లేకున్నా లేచేది. దాన్ని మార్చింది పడక.

మీ ప్రశ్నలో నాకు గట్టిగా తగిలింది రాత్రి ఎనిమిదికే పడుకోబెడుతున్నామన్న మాట. మన ఇళ్ళలో క్యాన్సర్ వచ్చిన మనిషిని మంచం దిగనివ్వరు. 'నువ్వు పండుకో అమ్మా, మేం చేస్కుంటం' అంటారు, ప్రేమతోనే. మధ్యాహ్నం కునుకు, చీకటి పడగానే దుప్పటి. ఎనిమిదికి పడుకుంటే రెండింటికి ఆరు గంటల నిద్ర అయిపోయినట్టే కదా! ఇంక తెల్లారేదాకా మంచం మీద పొర్లుతూ లేనిపోనివన్నీ తలచుకోవడమే. అమ్మగారు నిజంగా నిద్రపోయేది ఆరు గంటలైతే మంచం మీద ఉండేదీ దాదాపు అంతే ఉండాలి, పదకొండుకు పడక, అయిదింటికి లేవడం. నిద్ర నిలబడ్డాక సమయం కొద్దికొద్దిగా పెంచాలి. పగలు పడుకోవద్దు. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే లేచి వేరే చోట కూర్చుని, నిద్ర ముంచుకొస్తేనే మళ్ళీ మంచం ఎక్కాలి. పొద్దున పూలు తెంపుడో, బియ్యం ఏరుడో, ఆమెకు చేతనైన పని ఆమెను చేయనివ్వండి. మొదటి వారాలు చాలా కష్టం, నాకైతే కూర్చున్నచోటే కళ్ళు మూతలు పడేవి. ఇంట్లోవాళ్ళు జాలిపడి పడుకోబెట్టకుండా ఉండడం అంతకంటే కష్టం. ఫిట్స్ ఉన్నవాళ్ళు, బైపోలార్ అనే మానసిక జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ను అడక్కుండా నిద్ర ఇలా కుదించొద్దు. దగ్గరలో చెప్పేవాళ్ళు లేకపోతే 14416, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

ఇది ఒక నెల గట్టిగా చేశాక కూడా నొప్పులే లేపుతుంటే అప్పుడు సూదుల దగ్గరికి వెళ్ళండి. అన్నిసార్లు బస్సెక్కి హైదరాబాద్ పోయి రావడం కూడా ఆ ఒంటికి శ్రమే కదా. ముందు మీ క్యాన్సర్ డాక్టర్‌కు చెప్పి రక్తపరీక్ష చూపించండి. ప్లేట్‌లెట్లు, తెల్ల రక్తకణాలు తక్కువుంటే ఆగాలి. చంకలో గడ్డలు తీసిన వైపు చేతికి సూది వద్దని ముందే చెప్పండి, ఆ చెయ్యి వాస్తే ఆ బాధ వేరు. ఇంకోటి, మా చుట్టాల్లో ఒకామెకు ఒక చోట 'ఇంగ్లిష్ మందులన్నీ ఆపెయ్యి, సూదులే చూసుకుంటయి' అన్నారు. అట్లా అనేవాళ్ళ దగ్గర ఒక్క నిమిషం కూర్చోవద్దు. లెట్రోజోల్, టామాక్సిఫెన్ క్యాన్సర్ మళ్ళీ రాకుండా కాపాడేవి. వాటితో ఇబ్బంది ఎక్కువైతే మార్చే దారి డాక్టర్ దగ్గరే ఉంటుంది.

నిద్రగోలీ సంగతి కూడా అడిగారు. రోజూ అల్ప్రాజోలం వేసుకుంటుంటే ఒక్కసారిగా ఆపొద్దు, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. టామాక్సిఫెన్ వాడేవాళ్ళకు నిద్రకో బుగులుకో కొత్త గోలీ ఎవరు రాసినా ముందు క్యాన్సర్ డాక్టర్‌కు చూపించండి, పారాక్సిటీన్ లాంటివి టామాక్సిఫెన్ పనిని తగ్గిస్తాయి.

అమ్మగారు ఏ గోలీ వాడుతున్నారు, రాత్రి లేవగానే మొదట ఏమంటున్నారు, ఆ రెండూ రాయండి. నొప్పులే అయితే డాక్టర్‌ను ఏమేం అడగాలో నాకు తెలిసినంత చెబుతా.