రైఫిల్ ధర అడిగారు, పెల్లెట్ల లెక్క వేశారా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. కర్నూలులో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంటెంట్‌ని, జీతం రూ.48,000. నా భార్య ప్రైవేటు పాఠశాలలో టీచరు, ఆమె జీతం రూ.16,000. ఆరేళ్ల పాప ఉంది. ఏడాదిన్నరగా ఎయిర్ రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటున్నాను. పాత ఉల్లిపాయల గోదాములో ఒక మాజీ సైనికుడు నడిపే రేంజ్‌కు వారానికి మూడు రోజులు వెళ్తాను. రైఫిల్ అక్కడిదే. మా బృందం ఆరుగురం. వారిలో ఒకరు తన ఎనిమిదేళ్ల నాటి జర్మనీ రైఫిల్‌ను రూ.1,40,000కు ఇస్తానంటున్నారు. కొత్తదైతే రూ.2,60,000. నాకు రూ.2,50,000 చీటీ ఉంది. 20 నెలల్లో 12 కట్టాను. ఈ నెల పాడితే రూ.2,20,000 దాకా వస్తుంది. లేదా మా ఆవిడ నగలు తాకట్టు పెట్టవచ్చు. ఇంకోవైపు ఆరుగురం తలా రూ.60,000 వేసుకుని సొంత రేంజ్ పెట్టుకుందామన్న ఆలోచన కూడా నడుస్తోంది. ఏది మంచిది? ఇంట్లో ఇంకా చెప్పలేదు. బీమా విషయానికొస్తే కుటుంబానికి రూ.5 లక్షల ఆరోగ్య బీమా ఉంది, జీవిత బీమా లేదు. బ్యాంకులో రూ.40,000 నిల్వ ఉంది. షూటింగ్ ధరలు, ఇంటి నెల ఖర్చులు విడిగా పట్టిక రాసి పంపుతున్నాను.

జవాబు: మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా నచ్చిన మాట ‘ఏడాదిన్నర’. చాలామంది ముందు వస్తువు కొంటారు, తర్వాత దాని మీద ఇష్టం ఉందో లేదో తెలుసుకుంటారు. మీరు మరొకరి రైఫిల్‌తో ఏడాదిన్నర నిలబడ్డారు. అందుకే ఈ సరదా మానుకోండి అని నేను అనను. ఇది డబ్బు తగలేసే వ్యసనం కాదు. ఒకసారి ఇలాంటి రేంజ్‌లో ఒక మధ్యాహ్నమంతా కూర్చుని చూశాను. పది మీటర్ల దూరంలో చిన్న కాగితం, దాని నడుమ నల్లటి వలయం, వలయం మధ్యలో పది పాయింట్ల చుక్క. ఆ చుక్క వ్యాసం అర మిల్లీమీటరు, బాల్‌పెన్ను కాగితానికి ఆనించి తీస్తే పడేంత. పెల్లెట్, అంటే ఈ రైఫిల్‌లో వేసే చిన్న సీసపు గుండు, ముందు భాగం చదునుగా ఉంటుంది కాబట్టి కాగితం చిరగదు, పంచింగ్ మిషన్‌తో కొట్టినట్టు గుండ్రంగా తెగుతుంది. నా పక్కన ఉన్న అబ్బాయి ఒక్కో పెల్లెట్ కాల్చే ముందు ఊపిరి సగం వదిలి ఆగేవాడు. గురి కుదరకపోతే కాల్చకుండా రైఫిల్ దించి, మళ్లీ మొదటి నుంచి నిలబడేవాడు. 2008లో బీజింగ్‌లో, చుక్క నడుమకు ఎంత దగ్గరో దశాంశాల్లో కూడా లెక్కించే ఫైనల్లో అభినవ్ బింద్రా చివరి గురి 10.8 పాయింట్లు తెచ్చింది, మన దేశానికి వ్యక్తిగత విభాగంలో తొలి ఒలింపిక్ స్వర్ణం వచ్చింది. నాలుగేళ్లకు లండన్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ ఇదే పది మీటర్ల పోటీలో కాంస్యం తెచ్చాడు. అలాంటి క్రీడను మీరు ఎండకు కాగే గోదాములో, మందపాటి కాన్వాస్ జాకెట్ తొడుక్కుని సాధన చేస్తున్నారంటే నాకు గౌరవమే కలిగింది.

అయితే మీరు అడిగిన ప్రశ్న రైఫిల్ దగ్గరే ఆగిపోయింది. ఈ క్రీడలో అసలు ఖర్చు రైఫిల్ కాదు. మీరు రాసిన ధరలతోనే లెక్క వేద్దాం. వారానికి మూడు రోజులు, రోజుకు 80 చొప్పున కాలిస్తే నెలకు దాదాపు వెయ్యి పెల్లెట్లు అవుతాయి. డబ్బాకు 500 ఉంటాయి కాబట్టి రెండు డబ్బాలు కావాలి. మంచి రకం డబ్బా రూ.900 అన్నారు, అంటే రూ.1,800. రేంజ్ రుసుము రూ.1,500. టార్గెట్ కార్డులకు, పెల్లెట్‌ను తోసే గాలిని రైఫిల్ సిలిండర్‌లో నింపడానికి రూ.600. పెట్రోలు రూ.500. అన్నీ కలిపితే నెలకు రూ.4,400. ఏడాదికి రెండు పోటీలకు హైదరాబాద్‌కో విజయవాడకో వెళ్లి రావడం, బస, ప్రవేశ రుసుము కలిపి ఒక్కోసారి రూ.7,000 అనుకుంటే నెలకు మరో రూ.1,170 చేరుతుంది. మొత్తం రూ.5,570. అయిదేళ్లకు ఇది రూ.3,34,000 దాటుతుంది. పాత రైఫిల్ ధరకు రెండింతలకు పైనే. కొత్త రైఫిల్ కొన్నా అంత కాదు.

ఇప్పుడు మీరు నెలకు రూ.3,000తో సరిపెట్టుకుంటున్నది ఒకే డబ్బా పెల్లెట్లతో, మిగతా ఖర్చులూ కుదించుకుని, పోటీలకు వెళ్లకుండా. అప్పు చేసి రైఫిల్ తెచ్చుకుంటే వాయిదా కట్టాక పెల్లెట్లకు డబ్బు మిగలదు. ఆ రైఫిల్ బీరువా పక్కన పెట్టెలోనే పడి ఉంటుంది. నాకు ఉత్తరాలు రాసేవారిలో కెమెరా కొన్నవారు, సైకిల్ కొన్నవారు, వీణ కొన్నవారు కూడా ఇలాగే చిక్కుకున్నారు.

ఇక మీరు చెప్పిన దారులు. ముందు చీటీ. ఇప్పుడు పాడితే రూ.30,000 తగ్గించుకుని రూ.2,20,000 తీసుకుంటారు. చివరిదాకా ఆగితే నిర్వాహకుడి కమిషన్ 5 శాతం, అంటే రూ.12,500 పోను రూ.2,37,500 వస్తుంది. ఎనిమిది నెలల ముందు డబ్బు చేతికి రావడానికి మీరు రూ.17,500 వదులుకుంటున్నారన్నమాట. ఏడాదికి దాదాపు 12 శాతం వడ్డీతో సమానం. పైగా చీటీ ఎత్తాలంటే జామీనుదారులను తీసుకెళ్లాలి. మీ సరదా కోసం తోటి ఉద్యోగి సంతకం పెట్టాలి. రూ.1,40,000 రైఫిల్‌కు పోగా మిగిలిన రూ.80,000 ఏ ఫోనుకో, ఏ పెళ్లి ఖర్చుకో కరిగిపోతుంది. ఏదో ఒక అవసరానికి వస్తుందని మొదలుపెట్టిన చీటీలన్నీ ఇలాగే కరుగుతాయి.

నగల తాకట్టు గురించి నేను సూటిగానే చెబుతాను. వద్దు. వడ్డీ ఒక్కటే కారణం కాదు. పిల్లకు జబ్బు చేస్తేనో, ఉద్యోగం పోతేనో, మరే దారీ లేనప్పుడు బంగారం ఆదుకోవాలి. మీ బ్యాంకు నిల్వ రూ.40,000 మాత్రమే కాబట్టి ఆ నగలే మీ ఇంటికి అసలైన అత్యవసర నిధి. మన వైపు తాకట్టు అలవాటు మీకు తెలియనిది కాదు. ఏడాదికోసారి వడ్డీ కట్టి తిరగరాయిస్తారు, అసలు అలాగే ఉంటుంది. పైగా అవి మీ భార్యవి. ఆమెకు చెప్పకుండా వాటిని లెక్కలోకి తీసుకోవడమే తప్పు.

మీ నెల ఖర్చుల పట్టిక చూశాను. అద్దె రూ.11,000, చీటీకి డివిడెండు పోను సగటున రూ.11,000, పాప ఫీజు రూ.4,500, బండి వాయిదా రూ.3,800, ఇంటి ఖర్చు రూ.18,000, అమ్మానాన్నలకు రూ.4,000, మ్యూచువల్ ఫండ్ సిప్ రూ.3,000. మొత్తం రూ.55,300. ఇద్దరి జీతం రూ.64,000లో రూ.8,700 మిగులుతోంది. షూటింగ్‌కు ఇస్తున్న రూ.3,000 ఇందులోనిదే. ఈ మిగులుతో రైఫిల్ కొనవచ్చు. కాకపోతే కొంత ఓపిక పట్టాలి.

అన్నిటికన్నా ముందు టర్మ్ బీమా. ఆరేళ్ల పాప ఉన్న ఇంట్లో పెద్ద సంపాదన మీదే. రూ.1 కోటి పాలసీకి మీ వయసులో, పొగ తాగే అలవాటు లేకపోతే, ఏడాదికి సుమారు రూ.12,000 నుంచి రూ.18,000 మధ్య ఉంటుంది. నెలకు రూ.1,300 అనుకుందాం. ఇది రైఫిల్ కన్నా ముందు, జాకెట్ కన్నా ముందు, ఈ నెలలోనే జరగాలి. ఉన్న వ్యాధులు, అలవాట్లు ఏవీ దాచకుండా రాయండి.

తర్వాత షూటింగ్‌కు విడిగా ఒక సేవింగ్స్ ఖాతా తెరవండి. జీతం పడిన రోజే అందులోకి రూ.5,500 వెళ్లాలి. పెల్లెట్లు, రుసుము, పెట్రోలు అన్నీ ఆ ఖాతా నుంచే, మరే జేబు నుంచీ కాదు. ఇప్పటి ఖర్చు రూ.3,000 పోగా నెలకు రూ.2,500 నిలుస్తుంది. చీటీ ముగిసే ఎనిమిది నెలల్లో రూ.20,000 అవుతుంది. మీకు చెప్పిన ధర ప్రకారం జాకెట్, ప్యాంటు, చేతి తొడుగుకు అది సరిపోతుంది. నా మాట విని రైఫిల్‌కన్నా ముందు అవి కొనండి. రైఫిల్ ఎవరిదైనా అరువు దొరుకుతుంది, జాకెట్ మాత్రం మీ ఒంటికి కుదరాలి. ఒకరి కొలతతో కుట్టిన జాకెట్ మరొకరి నడుముకు ఆసరా ఇవ్వదు. మిగులులో ఇంకా రూ.1,900 ఉంటుంది, దాన్ని రికరింగ్ డిపాజిట్‌లో వేయండి.

చీటీ డబ్బు రూ.2,37,500 వచ్చిన రోజు అందులో రూ.1,60,000 తీసి, ఉన్న రూ.40,000కు కలిపి రూ.2 లక్షల అత్యవసర నిధిగా ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. మీ ఇంటికి అది దాదాపు నాలుగు నెలల తప్పనిసరి ఖర్చు. నగలను ఆ రోజుతో మనసులోంచి పూర్తిగా తీసేయవచ్చు. మిగిలిన రూ.77,500 షూటింగ్ ఖాతాకు. ఆ నెల నుంచి చీటీ వాయిదా రూ.11,000 కూడా ఖాళీ అవుతుంది. అందులో రూ.5,000 పాప పేరిట సుకన్య సమృద్ధి ఖాతాకు ఇవ్వండి. పదేళ్ల లోపు అమ్మాయికే అది తెరవగలరు కాబట్టి ఆలస్యం చేయకండి. మిగతా రూ.6,000 షూటింగ్ ఖాతాలో నిలుస్తున్న రూ.2,500తో కలిస్తే నెలకు రూ.8,500. కావలసిన మిగతా రూ.62,500 ఎనిమిది నెలల్లోపే చేరుతుంది. అంటే నేటి నుంచి పదహారు నెలలకు, ఎవరికీ ఒక్క రూపాయి బాకీ లేకుండా రైఫిల్ మీదవుతుంది. ఆ తర్వాత కూడా నెలనెలా రూ.5,500 అలాగే సాగుతుంది కాబట్టి రెండు డబ్బాల పెల్లెట్లకు, పోటీలకు లోటు రాదు.

పదహారు నెలలు మిత్రుడు ఆగుతారా అంటారేమో. ఆగకపోవచ్చు. ఈ క్రీడలో పిల్లలు పై చదువులకు వెళ్లినప్పుడు, పెద్దలకు బదిలీ అయినప్పుడు వాడిన రైఫిళ్లు అమ్మకానికి వస్తూనే ఉంటాయి. తొందరపెట్టి అమ్మేది ఏదైనా రెండోసారి చూడాలి.

ఒకవేళ ఆయన ఆగితే, ధర మాట్లాడే ముందు సిలిండర్ విప్పి చూపించమనండి. దాని మీద తయారీ నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. ఈ గాలి సిలిండర్లకు తయారీదారులు ఇచ్చే గడువు సాధారణంగా పదేళ్లు. గడువు దాటిన సిలిండర్ అంతర్జాతీయ పోటీ నిబంధనల ప్రకారం చెల్లదు, అది చూసుకునే బాధ్యత షూటర్‌దే. కారు టైరులో గాలి రెండు బార్ల ఒత్తిడి చుట్టుపక్కల ఉంటుంది, ఇందులో నింపేది 200 బార్లు. ముఖానికి జానెడు దూరంలో ఉండే వస్తువు. రైఫిల్ ఎనిమిదేళ్లది అంటున్నారు, మీరు కొనే సమయానికి ఆ గడువు ముగింపుకొస్తుంది. కాబట్టి కొత్త సిలిండర్ ధర ముందే కనుక్కుని, రూ.1,40,000 నుంచి అంత తగ్గించమనండి. అది న్యాయమైన బేరమే, స్నేహానికి భంగం రాదు.

కాగితాల విషయంలో మొహమాటం వద్దు. 4.5 మిల్లీమీటర్ల క్యాలిబర్‌కు, 20 జౌల్స్ శక్తికి మించని ఎయిర్ రైఫిల్‌కు 2016 ఆయుధ నిబంధనల కింద లైసెన్సు అక్కర్లేదు. పది మీటర్ల పోటీ రైఫిల్ శక్తి అందులో సగం కూడా ఉండదు. అయినా విదేశీ వస్తువు కాబట్టి అసలు బిల్లు, దిగుమతి పత్రం, వాటి మీది క్రమసంఖ్య రైఫిల్ మీద ఉన్నదే అవునా అన్నది చూసుకోండి. పత్రాలు లేకపోతే సగం ధరకు ఇచ్చినా తీసుకోకండి. ఇద్దరి సంతకాలతో అమ్మకం కాగితం రాసుకుని డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఇంకొకటి, పండుగకు ఊరెళ్లినప్పుడు బంధువుల పిల్లలు పిట్టను కొడదామని బతిమాలుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. బట్టమేక పిట్టకు రోళ్లపాడులో అభయారణ్యం ఉన్న ప్రాంతం మనది. రైఫిల్ రేంజ్‌కూ ఇంట్లో తాళం వేసిన పెట్టెకూ మధ్య తప్ప మరెక్కడికీ వెళ్లకూడదు.

సొంత రేంజ్ ఆలోచన వినడానికి బాగుంది, మీ ఆరుగురి ఉత్సాహమూ నాకు అర్థమవుతోంది. రూ.3,60,000తో అది తెరుచుకుంటుంది కూడా. ఆ తర్వాత నెలనెలా అద్దె, కరెంటు ఎవరు కడతారు? ఒకరికి బదిలీ అయితే ఆయన రూ.60,000 ఎవరిస్తారు? ఎవరి పేరు మీద ఒప్పందం? సొసైటీగా నమోదు చేయాలంటే కనీసం ఏడుగురు సభ్యులు కావాలి, మీరు ఆరుగురే. ఇప్పుడున్న రేంజ్ నడిపే పెద్దాయనను వదిలి వెళ్తే మీ రుసుముల మీద బతికే ఆ గోదాము కూడా మూతపడవచ్చు. అక్కడ నేర్చుకుంటున్న పిల్లలకు మరో చోటు ఏది? దాని బదులు ఆరుగురూ కలిసి గాలి నింపే పరికరం ఒక్కటి కొని, ఆ రేంజ్‌లోనే పెట్టి, పెల్లెట్లు పెద్ద మొత్తంలో కలిసి తెప్పించుకోండి. తలా రూ.60,000 కన్నా చాలా తక్కువలో పని జరుగుతుంది, పెద్దాయనకూ ఆసరాగా ఉంటుంది.

ఈ ఆదివారం మీ భార్యను, పాపను ఒకసారి రేంజ్‌కు తీసుకెళ్లండి. పాపను కాల్చే గీతకు బాగా వెనక కూర్చోబెట్టండి. పెల్లెట్లు సీసంతో చేసినవి కాబట్టి ఆమెను ఎత్తుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. ఇంటికి వచ్చాక ఈ లెక్కలన్నీ మీ భార్య ముందు పెట్టండి. ఆమె జీతం కూడా ఇందులో ఉంది కనుక, రూ.5,500 ఎక్కువ అని ఆమె అంటే ఇద్దరూ కూర్చుని కొత్త అంకె రాసుకోండి. ఆ అంకె నాకు పంపితే పదహారు నెలలు ఎన్ని నెలలవుతాయో మళ్లీ లెక్క వేసి చెబుతాను.