ఒంగోలు నుంచి వైద్య పరిశోధన పత్రిక సాధ్యమేనా?

ప్రశ్న: దర్శిలో ఇరవై ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) రోగుల వివరాలు నా రిజిస్టర్ల నిండా ఉన్నాయి. వాటిపై వ్యాసం వేయడానికి విదేశీ పత్రికలు లక్షల్లో రుసుము అడుగుతున్నాయి. మిత్రులం కలిసి ఒంగోలు నుంచే మూడు నెలలకొక పత్రిక తేవాలనుకుంటున్నాం. ఐఎస్ఎస్ఎన్ తీసుకుంటే సరిపోతుందా?
– ఒక వైద్యుడు, దర్శి

జవాబు: సరిపోదండి. ఐఎస్ఎస్ఎన్ మన దేశంలో ఉచితంగానే ఇస్తారు. అది పత్రికను గుర్తించే సంఖ్యే తప్ప నాణ్యతకు పూచీ కాదు. వైద్య కళాశాలల అధ్యాపకులకు పదోన్నతి కావాలంటే, జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం మెడ్‌లైన్, స్కోపస్ వంటి సూచికల్లో (పత్రికలను పరిశీలించి చేర్చుకునే జాబితాల్లో) చేరిన పత్రికలలోని వ్యాసాలే లెక్కకు వస్తాయి. ఆ సూచికల్లో చేరాలంటే పత్రిక ముందుగా కొంతకాలం క్రమం తప్పకుండా నడవాలి. స్కోపస్‌కైతే కనీసం 2 సంవత్సరాలు. సూచికలో లేని పత్రికకు వ్యాసాలు రావు, వ్యాసాలు రాకుండా పత్రిక నడవదు. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

అంతకన్నా పెద్ద చిక్కు సమీక్షకులు, అంటే వ్యాసం అచ్చుకు ముందు దాన్ని పరిశీలించే తోటి వైద్యులు. రోజంతా ఓపీ చూసి అలసిన వైద్యుడు రాత్రి కూర్చుని, పైసా ప్రతిఫలం లేకుండా, పరాయివారి గణాంకాలను సరిచూడాలి. పైగా ఒంగోలు, నెల్లూరు వైద్యులు ఒకరికొకరు ఎరిగినవారే. రచయిత పేరు తీసేసి పంపినా కేసుల వివరాలు చూడగానే అది ఎవరిదో తెలిసిపోతుంది, ఇక మొహమాటం మొదలవుతుంది. కాబట్టి సమీక్షకులలో సగం మందైనా ఈ రెండు జిల్లాల బయటివారై ఉండాలి.

ఖర్చు మీరనుకున్నంత కాదు. పత్రికను ఆన్‌లైన్‌లో నడపడానికి వాడే ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. అయితే ఖర్చుల పేరుతో రచయితల నుంచి డబ్బు తీసుకోవడం మొదలుపెడితే, వచ్చిన వ్యాసాన్ని కాదనడానికి చేయి రాదు. హైదరాబాద్ నుంచి నడిచిన ఒక ప్రచురణ సంస్థ, సరైన సమీక్ష లేకుండానే రుసుములు వసూలు చేసినందుకు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని 2019లో అమెరికా కోర్టు తీర్పు ఇచ్చింది.

పత్రిక ఆగిపోతే సంచికలు ఎక్కడ భద్రంగా ఉంటాయో కూడా ముందే ఆలోచించండి. దర్శి ఇంకా నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లో, ఆ జిల్లా ఫ్లోరోసిస్‌పై కలకత్తా నుంచి వెలువడే ‘ఇండియన్ మెడికల్ గెజిట్’లో ఒక వ్యాసం వచ్చింది. ఆ పత్రిక 1955లో ఆగిపోయినా, పాత సంచికలు పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో నేటికీ ఉచితంగా దొరుకుతున్నాయి.

నన్నడిగితే, పత్రిక ఆలోచన ఒక ఏడాది పక్కన పెట్టి, రచయితల నుంచి రుసుము తీసుకోని భారతీయ పత్రికలలో ఒకదానికి ముందు మీ వ్యాసం పంపండి. దానికన్నా ముందు, ఆ రిజిస్టర్లలోని వివరాలు వాడుకోవడానికి నైతిక సంఘం (రోగులపై పరిశోధనలను పరిశీలించే ఎథిక్స్ కమిటీ) అనుమతి కోసం ఒంగోలు ప్రభుత్వ వైద్య కళాశాలను సంప్రదించండి.